ప్రమాదం ఎవరి తప్పు? విశాఖ ఫ్యాక్టరీల భద్రతా శాస్త్రం మీద కొన్ని అభ్యంతరాలు

ఫ్యాక్టరీలో ఎవరికైనా దెబ్బ తగిలితే మన దగ్గర మొదట పుట్టే ప్రశ్న "వాడు హెల్మెట్ పెట్టుకున్నాడా?" అన్నది. రెండోది "తాగి వచ్చాడా?" అన్నది. మేనేజర్లే కాదు, పత్రికల వాళ్లూ ఇవే అడుగుతారు. ఒక్కోసారి యూనియన్ నాయకులూ అడుగుతారు. ఆ మనిషిని ఆ రాత్రి ఆ పనికి ఎవరు పంపారు, అప్పటికి ఎన్నో గంట డ్యూటీలో ఉన్నాడు, ముప్పు కనిపిస్తే పని ఆపే అధికారం అతనికి ఉందా, అసలు అతని పేరు ఎవరి మస్తరులో ఉంది? ఈ ప్రశ్నలు చాలా ఆలస్యంగా వస్తాయి, కొన్నిసార్లు రానే రావు. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ, పరవాడ, అచ్యుతాపురం మందుల కంపెనీలు ఒకే తీరం మీద వరసగా ఉన్న విశాఖలో ఈ క్రమాన్ని తలకిందులు చేయకుండా గాయాల గురించి మాట్లాడటం వృథా. గాయాల రేటును ప్రధానంగా నిర్ణయించేది పనివాడి జాగ్రత్త కాదు, పనిని ముక్కలు చేసి పంచిన తీరు. మన దేశంలో ఆ పంపకానికి కులం తెలియకుండా ఎప్పుడూ లేదు.

ముందు సేఫ్టీ పాఠాల పుట్టుక చూద్దాం. వీటికి మూలపురుషుడు హెర్బర్ట్ హైన్రిచ్ అనే అమెరికన్. బీమా కంపెనీ ఉద్యోగి. పారిశ్రామిక ప్రమాదాల నివారణ మీద 1931లో ఒక పుస్తకం అచ్చేశాడు. నూటికి 88 ప్రమాదాలకు మనుషుల అజాగ్రత్త చేష్టలే కారణమనీ, 10 యంత్రాల, పరిసరాల లోపం వల్ల జరుగుతాయనీ, తక్కిన 2 ఎవరూ తప్పించలేనివనీ తేల్చాడు. ఈ లెక్క ఎక్కడిది? బీమా క్లెయిముల ఫైళ్లలోది, ఫ్యాక్టరీ యజమానుల రికార్డుల్లోది. అంటే సూపర్‌వైజరు రాసింది. తన కింద పనిచేసేవాడి చెయ్యి నలిగినప్పుడు తప్పు తనదనో, యంత్రానికి గార్డు పెట్టని కంపెనీదనో రాసే సూపర్‌వైజరు ఎక్కడుంటాడు? గాయపడ్డవాడి మాట ఆ ఫైలులోకి చేరే దారి లేదు. అట్లా పుట్టిన 88 అనే అంకె దాదాపు శతాబ్దం నుంచీ శాస్త్రం వేషంలో తిరుగుతూనే ఉంది.

ఇంకో సంగతి మనవాళ్లు తప్పక గమనించాలి. హైన్రిచ్ ప్రమాదాన్ని వరసగా నిలబెట్టిన ఐదు డొమినో బిళ్లలతో పోల్చాడు. మొదటిది పడితే రెండోదాన్ని పడగొడుతుంది, చివర పడేది గాయం. ఆ మొదటి బిళ్ల పేరు ఏమిటి? వంశం, సామాజిక వాతావరణం! మనిషి పుట్టుకలోంచి వచ్చిన గుణం అతని లోపమవుతుంది, ఆ లోపం తప్పుడు పని చేయిస్తుంది, తప్పుడు పని ప్రమాదమవుతుందట. హైన్రిచ్ మన కులాన్ని చూసి రాయలేదు. కానీ ఆ బిళ్ల ఇక్కడికి దిగుమతయ్యాక దానికి చోటు వెతకాల్సిన పని పడలేదు. "వీళ్లింతే, ఎంత చెప్పినా వినరు" అనే మాట ఊళ్లో దొర అరుగు మీద వినిపించినా, మెషీన్ షాపులో వినిపించినా ఒకటే.

సిద్ధాంతం అక్కడే ఆగిపోలేదు లెండి. 1979లో అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు ప్రమాదం జరిగిన తర్వాత చార్లెస్ పెరో అనే సమాజశాస్త్రవేత్త 1984లో దాన్ని మొదలంటా ప్రశ్నించాడు. కొన్ని సాంకేతిక వ్యవస్థల అల్లికలోనే ప్రమాదం ఉంటుందనీ, చివర్న మీట నొక్కినవాణ్ణి పట్టుకుంటే ఏమీ అర్థం కాదనీ చూపించాడు. జేమ్స్ రీజన్ 1990లో, కింద జరిగే తప్పుల వెనక పైన ఎప్పుడో తీసుకున్న నిర్ణయాలు దాగి ఉంటాయన్నాడు. ఈ మాటలు ఇంజనీరింగ్ కాలేజీల్లో చెబుతున్నారు. కానీ మార్చి 4న జాతీయ భద్రతా దినం నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర పనివాళ్లను నిలబెట్టి ప్రతిజ్ఞ చేయించేటప్పుడు మళ్లీ హైన్రిచ్చే. చెయ్యి చాచి ఒట్టు పెట్టేది కళాసీ. మెయింటెనెన్సు బడ్జెట్టు కోసిన డైరెక్టరు ఏ ఒట్టూ పెట్టడు.

ఆ పైనుంచి వచ్చే నిర్ణయాలు ఎట్లా ఉంటాయో భోపాల్ చూపించింది. 1984 డిసెంబరు నాటికి అక్కడ మిక్ ట్యాంకుల్ని చల్లబరిచే రిఫ్రిజిరేషన్ ఆగిపోయి నెలలయింది. ఆ విభాగంలో షిఫ్టుకు పనిచేసే మనుషుల్ని సగానికి తగ్గించారు. తర్వాత యూనియన్ కార్బైడ్ చెప్పిందేమిటి? ఎవరో ఒక కార్మికుడు కోపంతో కావాలని నీళ్లు వదిలాడని. అజాగ్రత్త సిద్ధాంతాన్ని చివరిదాకా లాగితే తేలేది ఇదే.

ముప్పై ఐదేళ్ల తర్వాత విశాఖలో ఏం జరిగింది? 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఆ జూలైలో నివేదిక ఇచ్చింది. దాన్ని నేను తీసిపారెయ్యను. మన రాష్ట్రంలో ఇట్లాంటి నివేదికల్లో ఇంత సూటిగా మేనేజ్‌మెంటును వేలెత్తి చూపినవి తక్కువ. ట్యాంకు డిజైను బాగాలేదంది. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగునే కొలిచారు, పైన ఎంత వేడెక్కిందో తెలిసే ఏర్పాటే లేదంది. రిఫ్రిజిరేషన్‌ను సాయంత్రం 5 గంటలకు ఆపి పొద్దున్నే వేసేవాళ్లంది. స్టైరీన్ గడ్డకట్టకుండా ఆపే రసాయనం నిల్వ లేదంది. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటున్నా ఒక్కటీ మోగలేదంది. భద్రతా సంస్కృతి లేదని కూడా రాసింది.

నా అభ్యంతరం ఆ చివరి మాట దగ్గర. "సంస్కృతి లేదు" అంటే ఏమిటి? రిఫ్రిజిరేషన్ రాత్రిపూట ఆపడం అలవాటు కాదు, కరెంటు ఖర్చు లెక్క చూసి తీసుకున్న నిర్ణయం. సైరన్ మోగకపోవడం మర్చిపోవడం కాదు. మోగిస్తే సంజాయిషీ ఎవరు చెప్పుకోవాలనే భయం ఉన్నచోట ఏ చెయ్యీ ఆ మీట దాకా పోదు. నిర్ణయాన్ని సంస్కృతి అని పిలిచామా, అది అందరిదీ అయిపోతుంది, చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. ఆ సెప్టెంబరులోనే వ్యాపార సౌలభ్యం ర్యాంకుల్లో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో నిలిచిందని ఢిల్లీ ప్రకటించింది. తనిఖీలు తగ్గించడం, స్వీయ ధృవీకరణ ఇవ్వడం ఆ ర్యాంకుకు మార్కులు తెచ్చే పనులు. వెంకటాపురం వాళ్లకు ఆ మార్కుల కార్డు ఎవరైనా చూపించారో లేదో.

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం. గాయాల రేటు అంటే ఏమిటో కార్మికులకు ఎవరూ వివరంగా చెప్పరు, అంచేత కొంచెం ఓపికగా చూడాలి. పనిదినం నష్టపోయేంత గాయాల సంఖ్యను పది లక్షలతో హెచ్చవేసి, మొత్తం పనిగంటలతో భాగిస్తే వచ్చేది గాయాల తరచుదనం. గాయం ఎంత తీవ్రమో చెప్పడానికి నష్టపోయిన దినాలు లెక్కిస్తారు. మన భారతీయ ప్రమాణం ప్రకారం ఒక చావుకు 6,000 పనిదినాలు. మనిషి చావును దినాల్లోకి మార్చడం క్రూరమని నేననను, లెక్కకు ఏదో ఒక అంకె కావాలి. అడగాల్సింది ఏమిటంటే, భాగహారంలో పైన ఎవరి గాయాలు చేరుతున్నాయి, కింద ఎవరి పనిగంటలు చేరుతున్నాయి?

పైన ఉన్న అంకెను తగ్గించడం చాలా సులువు. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద, 48 గంటలకు మించి పనికి రాలేని గాయమైతేనే ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాల్సి వచ్చేది. వేలు నలిగినవాణ్ణి మర్నాడు గేటు దాకా రప్పించి స్టోర్సులో కూర్చోబెట్టి హాజరు వేస్తే దినం నష్టపోనట్టే. కాంట్రాక్టు కూలీ అయితే అది కూడా అక్కర్లేదు. ప్రైవేటు డాక్టరు దగ్గర కట్టు కట్టించి, చేతిలో కొంత డబ్బు పెట్టి, తగ్గాక రమ్మంటాడు మేస్త్రీ. మూల కంపెనీ రిజిస్టరులో ఆ మనిషి లేడు. తక్కువ రేటు చూపించిన కాంట్రాక్టరుకే తర్వాతి టెండరు అని నిబంధన పెడితే ఫలితం ఏమవుతుంది? గాయాలు తగ్గవు, గాయాల కబురు తగ్గుతుంది. గేటు ముందు బోర్డు మీద "ప్రమాదం లేని రోజులు" అని పెరుగుతూ పోయే అంకె చూసి మురిసిపోయేవాళ్లు ఒక్కసారి ఆ గేటు పక్కనున్న మందుల షాపువాణ్ణి అడగండి.

అందుకని రేటు అనేది పని నిర్వహణను కొలిచే బయటి కొలత కాదు. ఆ నిర్వహణలోంచే పుట్టిన సరుకు. "మంచి మేనేజ్‌మెంటు ఉన్నచోట గాయాలు తక్కువ" అనే పరిశోధనలు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. మంచి మేనేజ్‌మెంటు ఉంటే గాయాలు తగ్గే మాట నిజమే. కాకపోతే గాయాల్ని బయటికి పంపడం చాతనైన మేనేజ్‌మెంటు కూడా కాగితం మీద అచ్చం అట్లాగే కనిపిస్తుంది.

బయటికి పంపడం ఎట్లా జరుగుతుందో షిప్‌యార్డులో చూశాం. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేను పరీక్ష చేస్తుండగా కూలిపోయి 11 మంది చనిపోయారు. వారిలో షిప్‌యార్డు ఉద్యోగులు నలుగురు. మిగతా ఏడుగురూ కాంట్రాక్టు ఏజెన్సీల వాళ్లు. ఏజెన్సీ కూడా ఒకటి కాదు. ఒక్క క్రేను కింద ఇన్ని మస్తర్లు! ఎవరు ఎవరికి చెప్పాలి? ఎవరు ఆపమంటే పని ఆగుతుంది? 2013 ఆగస్టు 23న హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో కూలింగ్ టవర్ దగ్గర మంటలు లేచి ఇరవైమందికి పైగా చనిపోయినప్పుడు కూడా అక్కడ పనిలో ఉన్నవాళ్లు ఎక్కువగా కాంట్రాక్టు కూలీలే. అదే రిఫైనరీలో 1997 సెప్టెంబరు 14న గ్యాస్ మంటలకు దాదాపు 60 మంది బలయ్యారు. పదహారేళ్లలో యంత్రాలు మారాయి. యంత్రానికీ మనిషికీ మధ్య నిలబడే దళారులూ పెరిగారు.

ప్రమాదకరమైన పనికి పర్మిటు ఉంటుంది. కాగితం మీద చక్కని పద్ధతి. పర్మిటు ఇచ్చేవాడు కంపెనీ ఆఫీసరు, తీసుకునేవాడు కాంట్రాక్టరు సూపర్‌వైజరు. పైపు కొయ్యడానికి ఎక్కేవాడు మూడోవాడు. పర్మిటు ఇంగ్లీషులో ఉంటుంది, సూపర్‌వైజరు జేబులో ఉంటుంది. మూడోవాడికి తెలిసేది "ఎక్కు" అన్న మాట ఒక్కటే. గ్యాసు వాసనొస్తోందని అతను దిగిపోతే రేపు గేటు పాసు ఉండదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమల్లో తక్షణ ముప్పు గురించి హెచ్చరించే హక్కు పనివాళ్లకు ఇచ్చారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లోనూ అట్లాంటిదే ఉంది. బాగా చదవండి. అది చెప్పుకునే హక్కు. ముప్పు నిజమేనని ముందు యజమానికి నమ్మకం కలగాలి, కలగకపోతే ఇన్‌స్పెక్టరు తేల్చాలి. ఆ ఇన్‌స్పెక్టరు పేరుకు ఇప్పుడు "ఫెసిలిటేటర్" అనే తోక కూడా తగిలించారు. తన చేత్తో పని ఆపే హక్కు ఎక్కడా లేదు.

ఒకప్పటి పోర్టును దీనితో పోల్చి చూడొచ్చు. డాక్ కార్మికుల కోసం 1948లో వచ్చిన చట్టం కింద లేబర్ బోర్డులు పెట్టి, రోజూ గేటు దగ్గర ఏరుకునే కూలీల్ని రిజిస్టరు చేశారు. పని లేని రోజుకు కూడా కొంత హాజరు డబ్బు దక్కింది. అది దయతో ఇచ్చింది కాదు, పోరాడి సాధించుకున్నది. రేపటి కూడు ఖాయమైతేనే మనిషి ఇవాళ "ఈ తాడు బాగోలేదు, ఎత్తను" అనగలడు. భద్రతకు హెల్మెట్ కన్నా ముందు కావలసింది ఇదని నా వాదన.

ఇక కులం. దీని మీద అంకె చెప్పమని అడిగితే అంకె లేదు. ప్రమాద నోటీసులో వయసుంటుంది, చేసే పని ఉంటుంది, శరీరంలో ఏ భాగం పోయిందో ఉంటుంది, కులం ఉండదు. కాబట్టి కులానికీ గాయానికీ సంబంధం లేదనడం, థర్మామీటరు లేని ఇంట్లో జ్వరం లేదన్నట్టు ఉంటుంది. అంకె లేకపోయినా దారి కనిపిస్తూనే ఉంది. రిజర్వేషను పర్మనెంటు పోస్టుకు వర్తిస్తుంది, కాంట్రాక్టరు పెట్టుకునే కూలీకి వర్తించదు. ఆంధ్రుల హక్కు అని ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఉక్కు ఫ్యాక్టరీలో ఒక మాల, మాదిగ కుర్రాడు రిజర్వేషను మీద ఆపరేటరుగా చేరాడంటే జీతం ఒక్కటే కాదు అతనికి దక్కింది. కంపెనీ ఆసుపత్రి, యూనియన్ ఓటు, సేఫ్టీ కమిటీలో మాట, గాయమైతే రిజిస్టరులో పేరు దక్కాయి. ఆ పోస్టు ఖాళీ అయ్యాక నింపకుండా అదే పనిని టెండరుకు ఇస్తే ఆ కుర్రాడి తమ్ముడు అదే యంత్రం దగ్గరికి అవేవీ లేకుండా వస్తాడు. భూములిచ్చి ఆర్ కార్డు పుచ్చుకుని ఉద్యోగం రాని నిర్వాసితులదీ ఇదే దారి. 2021 జనవరిలో ప్రైవేటుపరం చేస్తామని కేంద్రం తీర్మానించిన నాటి నుంచి సాగుతున్న గొడవలో రిజర్వేషన్లు పోతాయన్న మాట మనవాళ్లు సరిగ్గానే ఎత్తారు. రిజర్వేషను పోవడమంటే ప్రాణరక్షణ కూడా పోవడమని ఇంకా గట్టిగా చెప్పాల్సి ఉంది.

పేలుడుకు కులం తెలుసా అని కొందరు మిత్రులు అడుగుతారు. 2012 జూన్ 13న ఉక్కు ఫ్యాక్టరీ రెండో స్టీల్ మెల్టింగ్ షాపు దగ్గర ఆక్సిజన్ పేలుడులో ఆఫీసర్లు, ఇంజనీర్లు కూడా చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసైన్షియా కంపెనీలో సాల్వెంటు ఆవిరి అంటుకుని 17 మంది పోయినప్పుడూ చదువుకున్న కుర్రాళ్లు ఉన్నారు. నిజమే, పెద్ద పేలుడు మనుషుల్ని ఏరుకోదు. కానీ ఏడాది పొడుగునా ఒక్కొక్కరుగా జరిగే గాయాలున్నాయే, ట్యాంకులోకి దిగి మడ్డి తీసేటప్పుడు, కన్వేయరు కింద రాలిన బొగ్గు ఎత్తేటప్పుడు, ఎత్తు మీద రేకు మార్చేటప్పుడు జరిగేవి, అవి మాత్రం మనిషి ఎక్కడ నిలబడ్డాడో చూసే జరుగుతాయి. మురుగు గుంతలో చంపే హైడ్రోజన్ సల్ఫైడే ఫ్యాక్టరీ వ్యర్థాల ట్యాంకులోనూ చంపుతుంది. మురుగు గుంతలో చావు వెనక కులం ఉందని 2013 చట్టం, 2014 సుప్రీంకోర్టు తీర్పు ఒప్పుకున్నాయి. గోడ దాటి లోపలికి వెళితే అదే చావు సాంకేతిక లోపమైపోతుంది.

బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరానివాళ్లను నేత విభాగంలోకి రానివ్వలేదు. నాడెలో దారాన్ని నోటితో పీల్చి లాగాలి, ఎంగిలి అంటుకుంటుందని. మంచి జీతాలున్న విభాగం అట్లా మూసేశారు. 1920లలో ఎర్రజెండా యూనియన్లు సమ్మెలకు దిగినప్పుడు అంబేడ్కర్ లేవనెత్తిన ప్రశ్న ఇదే. ఇప్పుడు ఎంగిలి మాట ఎవరూ అనరు. అనక్కర్లేదు, చట్టమే ఆ పని చేసిపెట్టింది. కొత్త కోడ్ ప్రధానమైన పనుల్లో కాంట్రాక్టు కూలీల్ని పెట్టకూడదంటుంది (మినహాయింపులు వేరే ఉన్నాయి). అయితే కొన్ని పనులు మామూలుగా ప్రధానం కావంటూ జాబితా ఇచ్చింది. పారిశుద్ధ్యం, కాపలా, వంట, ఎత్తడం దించడం, ఊడ్చి శుభ్రం చెయ్యడం, బట్టలుతకడం, తోటపని, కట్టడం పని, అప్పుడప్పుడు మాత్రమే ఉండే పనులు. ఈ జాబితాను ఊళ్లోకి తీసుకెళ్లి ఏ ముసలమ్మకైనా చదివి వినిపించండి. ఏ పని ఏ పేటదో ఆమె వేళ్ల మీద చెబుతుంది. మనువు పేరు ఎక్కడా రాయకుండా ఇంత తేటగా రాయడం డ్రాఫ్టు చేసినవాళ్లకు కూడా తెలిసి జరిగి ఉండదు. అప్పుడప్పుడు ఉండే పనులన్నారే, షట్‌డౌన్‌లో జరిగే రిపేర్లను అందులోకి నెట్టడానికి ఏ కంపెనీ లాయరూ పెద్దగా కష్టపడక్కర్లేదు.

వామపక్ష యూనియన్లు కాంట్రాక్టు విధానం మీద పోరాడలేదని నేననను, పోరాడాయి. 1996లో ఎయిర్ ఇండియా కేసు తీర్పు, విధానం రద్దయిన చోట కూలీలు నేరుగా మూల యజమాని కిందికి వస్తారని చెప్పినప్పుడు ఆశ పుట్టింది. 2001 ఆగస్టు 30న ఉక్కు అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. కానీ వేతన ఒప్పందం దగ్గర కూర్చున్నప్పుడు ఈ యూనియన్ల బల్ల మీద ఉన్నది ఎవరి కాగితం? పర్మనెంటువాళ్లదే. ఇక మన ఉద్యమం సంగతి. కారంచేడు, చుండూరు మనకు ఊరినీ భూమినీ చూడటం నేర్పాయి. యూనివర్సిటీ, ఉద్యోగం, రాజ్యాధికారం నేర్చుకున్నాం. ఫ్యాక్టరీ గేటు లోపలికి మాత్రం మనం ఎర్రజెండాను చూసి తప్పుకున్నాం. గాయం ఆర్థిక సమస్య అన్నారు, సరే అన్నాం.

నష్టపరిహారం దగ్గర ఇంకో విడ్డూరం. ఎల్.జి. పాలిమర్స్ మృతులకూ, ఎసైన్షియా మృతులకూ కోటి రూపాయలు ప్రకటించారు. ఇవ్వాల్సిందే. కానీ ఆ నెలల్లోనే ఎక్కడో ఒక షెడ్డు మీంచి ఒంటరిగా పడిపోయిన ముప్పై ఏళ్ల మనిషికి, ఈ.ఎస్.ఐ. లేకపోతే, 1923 నాటి చట్టం లెక్కే గతి. నెలకు 15 వేలు సంపాదించే మనిషయినా సగం జీతాన్ని 207.98తో హెచ్చవేస్తే వచ్చేది 15,59,850 రూపాయలు. అదీ అతను ఎవరి కూలీయో రుజువైతే. గుంపుగా చచ్చినవాడికి మంత్రి వస్తాడు. ఒక్కడుగా చచ్చినవాడికి మేస్త్రీ కూడా రాడు, ఫోను కట్టేస్తాడు.

కొత్త కోడ్ కింద సేఫ్టీ కమిటీ తప్పనిసరి కావాలంటే ఫ్యాక్టరీలో 500 మంది ఉండాలి, ప్రమాదకర పరిశ్రమైతే 250 మంది. ఆ లోపు యూనిట్లలో ప్రభుత్వం ఆదేశిస్తే తప్ప కమిటీ లేదు, అందులో కూర్చునేవాడూ లేడు. కమిటీ ఉన్నచోటైనా కాంట్రాక్టు కూలీల ప్రతినిధి ఎవరని అడగాలి. ఏ కాంట్రాక్టరు కింద ఎన్ని పనిగంటలు, ఎన్ని గాయాలు, గాయపడ్డవాడు ఏ కులం, ఎన్నాళ్ల నుంచి ఆ పనిలో ఉన్నాడు అనే నాలుగు గళ్లు వార్షిక నివేదికలో పెట్టమని అడగాలి. ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు, రిఫైనరీ, షిప్‌యార్డు నాలుగూ ప్రభుత్వ రంగంలోనే ఉన్నాయి గనక సమాచార హక్కు కింద రేపే దరఖాస్తు పెట్టొచ్చు. పరవాడ, అచ్యుతాపురం కంపెనీల సంగతి ఫ్యాక్టరీల శాఖను అడగాలి. కులం గడి మా దగ్గర లేదని జవాబొస్తే, ఆ జవాబునే ఈ పత్రికలో అచ్చేద్దాం.